ముందే రాసిన రాయి

"కంచం తీసుకపో బిడ్డా," అన్నాడు సీమోను, గోడవైపు తిరిగి పడుకునే. "రాయి ఏడున్నదో చెప్పినంక తింట."

దెబోరా కంచం తీయలేదు. మంచానికి ఇంకాస్త దగ్గరగా జరిపింది. మూడు రోజులుగా ఇదే తంతు. పొద్దున పెట్టిన అన్నం మధ్యాహ్నానికి ఎండిపోయేది, సాయంత్రానికి వీధికుక్క పాలయ్యేది. డెబ్బై నాలుగేళ్ల మనిషి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టడం లేదు. పోనీ దీన్ని ఉపవాస ప్రార్థన అనుకుందామన్నా ఆయన ఒప్పుకోలేదు. ప్రార్థనైతే దేవుడితో పేచీ. ఇది కోడలితో పేచీ.

"మామా, ఎల్లుండి పొద్దుగాల ఇండ్లు కూలగొట్టే మిషన్లు వస్తయి. సామాను సగం కట్టనేలేదు. మీరు గిట్ల మంచం పట్టి కూసుంటే నేనొక్కదాన్ని ఎట్ల చెయ్యాలె?"

"రాయి ఇయ్యి. లేచి అన్ని నేనే కడత."

"దానితోటి ఏం చేస్తరు?"

"అది నాకూ దేవునికీ నడుమ ముచ్చట."

"నడుమ నేను లేనా?" అంది దెబోరా. "చచ్చిపోయింది నా పెనిమిటి."

వంటింటి గడపలో కూతురు స్తుతి గిన్నెలకు పాత పేపర్లు చుడుతూ ఆగిపోయింది. ఆ పిల్లకు పదహారేళ్లు. అమ్మకూ తాతకూ నడుమ మూడు రోజులుగా కబుర్లు మోసి మోసి అలసిపోయింది. రాయి ఎక్కడుందో దానికి తెలుసు. తెలిసి చెప్పకపోవడం దాని కష్టం.

రాయి ఎక్కడో లేదు. స్నానాల గదిలో, బకెట్ కింద, రాత కిందికి వచ్చేలా బోర్లా పడి ఉంది. సీమోను మూడు రోజులుగా ఆ బకెట్ నీళ్లతోనే మొహం కడుక్కుంటున్నాడు.

ఏడో నంబరు బొగ్గు బాయి కాలనీలో మెథడిస్టు గుడికి గంట ఎన్నడూ లేదు. బొగ్గు బండ్లు నడిచే పట్టా ముక్క ఒకటి ఇనుప స్తంభానికి వేలాడదీశారు, దాన్నే రాడ్డుతో కొడతారు. గుడి ముందు మాత్రం నడుమెత్తు రాళ్ల గుట్ట ఉంది. బాయిలో పనికి వచ్చిన మొదటి తరం పెద్దలు, దేవుడు ఇంతవరకు సాయం చేశాడంటూ బైబిల్లో సమూయేలు ప్రవక్త నిలబెట్టిన రాయిని తలుచుకుని పెట్టిన ఆచారం అది. ఏ ఇంటికి మేలు జరిగినా ఆ ఇంటివాళ్లు గోదావరి ఒడ్డు నుంచి తెచ్చి ఉంచిన రాళ్లలో ఒకటి తీసుకుని, కడిగి, రంగుతో ఆ మేలు దాని మీద రాసి, సంఘం ముందు చెప్పి గుట్ట మీద పెట్టాలి. దానికి ఒక కట్టుబాటు. మేలు కబురు చెవిన పడితే మొదటి అడుగు గుడికి, రెండో అడుగే ఇంకెక్కడికైనా. కొడుకు పాసైనా అంతే, తప్పిపోయిన బర్రె దొరికినా అంతే.

ఈ కట్టుబాటుకు కాపలాదారు సీమోను. కడుపునొప్పి తగ్గిందని రెండు రోజులు ఆలస్యంగా రాయి తెచ్చినవాణ్ణి, తగ్గిన నాడు దేవుడు గుర్తుకు రాలేదా అని పదిమందిలో అడిగిన మనిషి.

తొమ్మిదేళ్ల కింద బాయిలో కప్పు కూలింది. సీమోను కొడుకు, దెబోరా భర్త సాల్మన్ లోపల చిక్కుబడ్డాడు. దెబోరా ఏడేళ్ల స్తుతి చెయ్యి పట్టుకుని బాయి గేటు దగ్గర ఎండలో నిలబడింది. సంఘమంతా గుడిలో మోకాళ్ల మీద ఉంది. మధ్యాహ్నం కబురు వచ్చింది, బతికే ఉన్నాడని, గొంతు వినబడిందని. గుడిలో పాటలు లేచాయి. సీమోను తన చేత్తోనే రాయి మీద రాశాడు. "నా కుమారుడు సాల్మన్‌ను సజీవునిగా ఇచ్చినావు. స్తోత్రం." కింద తారీఖు వేశాడు. పొద్దు వాలేసరికి సాల్మన్‌ను పైకి తెచ్చారు, దుప్పటి కప్పి.

ఆ రాయిని ఎవరూ తీయలేదు. తీస్తే దేవుణ్ణి తప్పు పట్టినట్టు, ఉంచితే దెబోరా కళ్లలో కారం కొట్టినట్టు. ఏం చేయాలో తెలియనప్పుడు మనుషులు చేసే పనే సంఘం కూడా చేసింది. చూడనట్టు ఊరుకుంది. సాల్మన్ ఉద్యోగం దెబోరాకు ఇచ్చి ల్యాంపు రూములో వేశారు. బాయిలోకి దిగేవాళ్లకు తలదీపాలు అందించి, ఎక్కినవాళ్ల దగ్గర తీసుకుని లెక్క చూసుకునే పని. పోతూ వస్తూ గుట్ట మీద ఆ ఎర్ర అక్షరాలు చూస్తూనే ఉంది.

ఇప్పుడు ఆ బాయే లేదు. మూసేశారు. నేల పైనుంచే బొగ్గు తవ్వే ఓపెన్‌కాస్ట్ కింద కాలనీ, గుడి మొత్తం పోతున్నాయి. ఆఖరి ఆదివారం ప్రతి ఇంటివాళ్లు తమ రాళ్లు చదివి, ఎత్తుకుని పోవాలని నిర్ణయమైంది. "ఆ రాయి సుత చదువుత" అన్నాడు సీమోను, బుధవారం అన్నం తింటూ. మర్నాడు తెల్లారేసరికి ఆ రాయి గుట్ట మీద లేదు.

*

మధ్యాహ్నం పాస్టరు ఎబినేజర్ అయ్యగారు స్కూటీ ఆపి లోపలికి వచ్చారు. ఈ సంఘానికి వచ్చి ఆరేళ్లయింది. నెల రోజుల్లో పదేళ్లు మీద పడ్డట్టు కనిపిస్తున్నారు.

"పదకొండు ఇండ్లు మిగిలినయమ్మ," అన్నారు కుర్చీ అంచున కూర్చుని. "నిన్న పన్నెండు ఉండె."

"కొత్త గుడికి జాగ సంగతి ఏమన్నరయ్యగారు?"

"తిరిగి తిరిగి చెప్పులరిగినయి. ఇగ ఎక్కడ దిగినోళ్లు అక్కడి గుడికి పోవుడే. మీరు లక్సెట్టిపేట పోతున్నరు, మీ తల్లిగారింటోళ్ల గుడి ఉన్నది, మీకు ఫికర్ లేదు. నన్ను హుస్నాబాద్ వేసిండ్రు."

"మరి ఈ సంఘం?"

అయ్యగారు టీ గ్లాసులోకి చూశారు. "రేపు ఆఖరి ఆరాధన," అన్నారు.

అరవై ఇళ్ల సంఘం. సమ్మె రోజుల్లో నెలకు పైగా గుడి వెనక ఒకే గుండిగలో గంజి కాచుకుని తాగిన సంఘం. ఎవరింట్లో పిల్ల పుట్టినా పదిళ్ల పాత చీరలు పొత్తిగుడ్డలుగా వచ్చేవి. ఇప్పుడు ట్రాలీ ఆటోలు ఒక్కో ఇంటిని ఒక్కో దిక్కుకు మోసుకుపోతుంటే, వెళ్లేవాళ్లు ఉండేవాళ్ల మొహం చూడకుండా ఎక్కుతున్నారు. దెబోరాకు ఏడుపు కూడా రావడం లేదు. ఏడవడానికి ఎక్కడో ఒక చోట మంచి జరుగుతుందన్న ఆశ ఉండాలేమో.

"అమ్మా," అన్నారు అయ్యగారు గొంతు తగ్గించి. "ఆ రాయి ఇయ్యుండ్రి. పెద్దాయన పానం మీదికి తెచ్చుకుంటుండు."

"ఇస్త. రేపు ఆయన నిలబడి, దేవుడు సాల్మన్‌ను బతికించిండని చదువుతడు. మీరంత స్తోత్రం అంటరు. అంటరా అయ్యగారు?"

అయ్యగారు టీ గ్లాసు కింద పెట్టారు.

"చెప్పుండ్రి. ఒకరు సాక్ష్యం చెప్పినంక సంఘమంత స్తోత్రం అనాలె గద. మన కట్టుబాటే గద."

"నేను చదువుకున్న చదువుల దీనికి జవాబు లేదమ్మా. కని ఆ గుట్టల వందకు పైన రాళ్లున్నయి. దేవుడు చేసిన మేలు ఒక్కొక్కటి మనోళ్లు యాదికుంచుకున్నరు. ఈ కష్టంల మనకు మిగిలింది ఆ యాదే. ఒక్క రాయి కోసం..."

"పప్పుల ఒక్క రాయే ఉంటది," అంది దెబోరా. "పన్ను ఇరగనీకి అదే చాలు."

రెండింటికి ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగ్ అయింది. గోడ మీది కేలెండర్ ఊగింది. పైకప్పు నుంచి సున్నం రాలి సీమోను కంచంలో పడింది. ఇద్దరూ మాట ఆపి అది అయిపోయేదాకా కూర్చున్నారు. అలవాటే.

వెళ్తూ వెళ్తూ అయ్యగారు గుమ్మంలో ఆగారు. "ఇంకొక్క ముచ్చట. రేపు ఎవరి రాయి వాళ్లింటోళ్లే ఎత్తాలె. ఇంటోళ్లు ఎత్తని రాయి ఆడనే ఉంటది. సోమవారం మిషన్ కిందికే పోతది. పెద్దలు అట్ల తీర్మానం చేసిండ్రు."

"చానా మంచిది," అంది దెబోరా. "మిషన్ కిందికే పోనీయుండ్రి."

*

నాలుగింటికి పోశం ట్రాలీ ఆటోతో వచ్చాడు. సాల్మన్‌తో ఒకే షిఫ్టులో దిగినవాడు. గుడి మనిషి కాదు, మల్లన్న భక్తుడు. అయినా ఈ ఇంటికి బియ్యం బస్తా మోయాలన్నా, ట్యాంకు ఎక్కాలన్నా అతనే. బాయి మూతపడ్డాక ఆటో కొనుక్కున్నాడు.

"ఇయ్యాల బీరువా, మంచాలు తీసుకపోత వదినె. మిగిలినయి రేపు," అని కాళ్లు కడుక్కోవడానికి స్నానాల గదిలోకి వెళ్లాడు.

లోపల బకెట్ జరిగిన చప్పుడైంది. తరవాత రాయి కదిలిన చప్పుడు. దెబోరా వంటింట్లో నుంచి పరుగున వచ్చేసరికి ఆలస్యమైపోయింది. బకెట్ ఊగకుండా రాయిని సరిగ్గా పెడదామని తిప్పినట్టున్నాడు. ఎర్ర అక్షరాలు తడిసి మెరుస్తున్నాయి. పోశం మురికి కాళ్లతోనే బయటికి వచ్చాడు.

"వదినె," అన్నాడు. "గీ రాయి మీద మీరు నీళ్లు పోసుకుంటున్నరా?"

అతని గొంతు పెద్దదేమీ కాదు. అయినా లోపల మంచం కిర్రుమంది. మొహం కడుక్కోవడానికి తప్ప మూడు రోజులుగా మంచం దిగని సీమోను లేచాడు. గోడ పట్టుకుని నడిచి వచ్చి, రాయిని చూసి, గడప మీద కూలబడ్డాడు.

ఆయనకు కోపం వస్తుందని దెబోరా ఎదురు చూసింది. రాలేదు. ముసలాయన మొహంలో కోపం కాదు, ఇంకేదో ఉంది.

"మంచి జాగనే పెట్టినవ్," అన్నాడు. "పోశం, నువ్వు ఆనాడు గుడికి ఎందుకొచ్చినవో దెబోరాకు చెప్పు."

పోశం తల అడ్డంగా ఊపాడు. "గిప్పుడెందుకు మామ. తొమ్మిదేండ్లాయె."

"చెప్పు."

"నాతోటి కాదు."

"సాల్మన్ గొంతు వినపడ్డదని చెప్పనీకి వచ్చిండు," అంది దెబోరా. "అందరికెరుకే గద."

"అది సగం," అన్నాడు సీమోను. "సగం ముచ్చట అందరి ముందు చెప్పిండు. మిగిలిన సగం నన్ను వరండాలకు పిలిచి చెప్పిండు."

పోశం ఆటో వైపు చూస్తూ నిలబడ్డాడు. పోలేదు, ఉండలేదు.

"ముందుకెల్లి పోతే కప్పు ఇంకా రాలుతున్నదట," అన్నాడు సీమోను. "ఎన్కకెల్లి ఒక పాత గాలి దారి ఉండె. దాన్ని మూసింది నేనే, నా చేతులతోటి, నౌకరీల ఉన్నప్పుడు. ఏడ గోడ పల్చగున్నదో మ్యాపుల లేదు. నాకెరుక. సీమోనును జల్ది తోలుకరా అని పోశంను పంపిండ్రు."

దెబోరా చేతిలో గరిటె ఉంది. అది ఎందుకు పట్టుకుందో ఆమెకు గుర్తు లేదు.

"నేనన్న, రాయి పెట్టి వస్త అని. మొదటి అడుగు గుడికి. అరవై ఇండ్లకు చెప్పినోన్ని, నా కొడుకు కాడికొచ్చేసరికి తప్పుతనా అనుకున్న. బతికున్నడని దేవుడు కబురు పంపినంక, స్తోత్రం చెప్పకుండ ఎట్ల పోవాలె అనుకున్న. పోశం రెండుసార్లు చెయ్యి పట్టి గుంజిండు. నమ్మినోడు ముందే స్తుతిస్తడు పోశం అన్న. రాయి కడిగిన. రాసిన. ఆరబెట్టిన. పాట పాడినం. ప్రార్థన చేసినం."

"ఎంత సేపు?" అంది దెబోరా.

"గంట."

"ఆ గంటల?"

సీమోను నేల వైపు చూశాడు. జవాబు పోశం చెప్పాడు, ఆటో వైపు తిరిగే. "మేం బాయి మీదికి పోయేసరికి రెండోసారి కూలింది వదినె."

వీధిలో ఎవరో ప్లాస్టిక్ డ్రమ్ము దొర్లించుకుంటూ పోయారు. ఆ చప్పుడు కాలనీ చివరిదాకా వెళ్లి ఆగిపోయింది.

తొమ్మిదేళ్లుగా దెబోరా ఒకే మాట దేవుణ్ణి అడుగుతోంది. అంతమంది మోకాళ్ల మీద ఉంటే, గొంతు వినిపించేంత దగ్గర ఉంటే, ఎందుకు చెయ్యి అందించలేదు అని. మామ మీద ఉన్నది చిన్న కోపం, తొందరపడి రాశాడని. పెద్ద కోపం పైవాడి మీద. ఇప్పుడు ఆ పెద్ద కోపం పైనుంచి దిగి, గడప మీద కూర్చున్న మనిషి దగ్గరికి వచ్చి నిలబడింది.

"తొమ్మిదేండ్లు నా చేతి కూడు తిన్నవ్," అంది.

స్తుతి ఉలిక్కిపడి చూసింది. పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన పద్దెనిమిదేళ్లలో దెబోరా మామను నువ్వు అనడం అదే మొదలు. సీమోను మాత్రం ఆ మాట కోసమే ఎదురు చూస్తున్నట్టు తల ఊపాడు.

"నిన్ను రమ్మన్నరు. నువ్వు పోలే."

"పోలే."

"నాకు చెప్పలే."

"చెప్పలే బిడ్డా. చెప్పి బతికే ధైర్యం లేకపాయె. రేపు ఆ రాయి పట్టుకొని అందరి ముందు చెప్దామనుకున్న. ఎల్లుండికి ఆ సంఘమే ఉండదు. ఇగ చెప్పనీకి నాకు దినం లేదు."

దెబోరా గరిటె కింద పెట్టింది. లోపలికి వెళ్లి, బీరువా తలుపు తీసి, సీమోను బట్టలు రెండు చేతులా తీసి మంచం మీద వేసింది. రెండు పంచెలు, మూడు చొక్కాలు, గుడికి వేసుకునే తెల్ల లాల్చీ. మళ్లీ బయటికి వచ్చింది.

"పోశం, నా సామాను, పిల్ల సామాను ఎక్కించు. గంతే."

"అమ్మా," అంది స్తుతి. "తాత?"

"ఆదిలాబాద్‌ల ఆయన బిడ్డ ఉన్నది గద. షారోన్‌కు ఫోన్ చెయ్యి."

"అత్త ఒక్క రూముల ఉన్నది అమ్మా. పోయిన వారమే చెప్పింది, కిరాయి ఇంట్ల జాగ లేదని."

"అయితే దేవుడే చూసుకుంటడు," అంది దెబోరా. ఆ మాట తన నోట అంత విషంగా రావడం చూసి ఆమెకే భయమేసింది. వెనక్కి తీసుకోలేదు.

పోశం బీరువా ఎక్కించాడు, రెండు మంచాలు ఎక్కించాడు. సీమోను పడుకునే నులకమంచం జోలికి పోలేదు. చివర్న స్నానాల గదిలోకి వెళ్లి రాయిని ఎత్తుకుని వచ్చి, తువాలు పరిచి ముందు సీటు పక్కన పెట్టాడు.

"గుడి కాడ దించిపోత మామ," అన్నాడు.

ఆ సాయంత్రం కంచం పెట్టింది స్తుతి. రాయి దొరికింది కదా, తింటాడనుకుంది. సీమోను పిల్ల తల నిమిరి, "రేపు చెప్పినంక," అన్నాడు.

*

ఆదివారం పట్టా ముక్క మూడుసార్లు మోగింది. మూడోది మోగేదాకా దెబోరా కదల్లేదు. పోకూడదనే అనుకుంది. కానీ పద్దెనిమిదేళ్ల అలవాటు కాళ్లకు ఉంటుంది. స్తుతి చెయ్యి పట్టుకుని వెళ్లి తలుపు పక్కనే కూర్చుంది. సీమోను అప్పటికే వెళ్లిపోయాడు. కిలోమీటరు కూడా లేని దారికి గంట ముందు బయల్దేరాడని పక్కింటివాళ్లు చెప్పారు.

రాళ్ల గుట్టను ముందు రోజే లోపలికి తెచ్చి బల్ల ముందు పోశారు. ఫ్యాన్లు విప్పేశారు. కిటికీలు ఊడదీశారు. పదకొండు ఇళ్ల మనుషులు ఎవరి చోట్లలో వాళ్లే కూర్చున్నారు. నడుమ ఖాళీలు ఖాళీలుగానే ఉంచారు, వెళ్లిపోయినవాళ్లు ఆలస్యంగానైనా వస్తారేమో అన్నట్టు.

ఒక్కొక్కరే లేచారు. నవ్యశ్రీ తన తాత రాయి చదివింది. గోదావరి పొంగినప్పుడు చెట్టు మీద రెండు రోజులు కూర్చుని బతికాడట. చదివి, రాయి ఒడిలో పెట్టుకుని కూర్చుంది. స్తోత్రం, అన్నారు అందరూ. మమతారాణి చదివిన రాయి మీద "బర్రె దొరికింది" అని రెండే మాటలున్నాయి. ఎప్పుడూ నవ్వేవాళ్లు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ బర్రె లేదు, దాన్ని కట్టేసిన కొట్టం లేదు, వెతికిన మనిషి లేడు. స్తోత్రం, అన్నారు.

వెనక వరసలో రాహేలవ్వకు చెవులు వినబడవు. ముందువాళ్లు కూర్చోవడం చూసి, మాట అయిపోయిందని తెలుసుకుని, అందరికన్నా ఒక క్షణం ఆలస్యంగా ఆమె స్తోత్రం వచ్చేది. ఏళ్ల తరబడి అంతే.

ఆఖరున సీమోను లేచాడు. తెల్ల లాల్చీ వేలాడుతోంది. ఎర్ర అక్షరాల రాయి ఆయన కాళ్ల ముందుంది. చదివాడు, ఒక్క అక్షరం వదలకుండా. వింటున్నవాళ్లు తలలు వంచుకున్నారు. తరవాత గడప మీద చెప్పిందంతా చెప్పాడు. పాత గాలి దారి, పోశం, వరండా, గంట సేపు. గుడిలో ఆ రోజు ఆ పాట పాడినవాళ్లు ఇంకా నలుగురైదుగురు ఉన్నారు. వాళ్లలో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంకొక్కటున్నది," అన్నాడు సీమోను. "ఇది నిన్న కోడలికి సుత చెప్పలే. నన్ను తోలుకరమ్మన్నది ఆఫీసర్లు కాదు. వాళ్లకు నేనెవరో తెల్వది. లోపటికెల్లి సాల్మనే అన్నడట. బాపును పిలువుండ్రి, బాపుకు దారి ఎరుక, బాపు వస్తడు అని. పోశం ఆ మాట ఉన్నదున్నట్టు నాకు చేరేసిండు."

దెబోరా స్తుతి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నా కొడుకు నన్ను నమ్మి కూసున్నడు. నేను దేవున్ని నమ్మి కూసున్న." ఆయన ఆగి, గాలి పీల్చుకున్నాడు. "దేవుడు సాయం పంపలేదని ఆ బిడ్డ తొమ్మిదేండ్లు ఏడ్చింది. పంపిండు. నా కాడికే పంపిండు. చెయ్యి పట్టి గుంజిండు సుత. నేను స్తోత్రం చెప్పుకుంట నిలబడ్డ. రాయి మీదున్న అబద్ధం దేవునిది కాదు, నాది. ఈ సంఘం పోకముందు ఇది చెప్పాలె. చెప్పిన."

కూర్చున్నాడు.

ఎబినేజర్ అయ్యగారు బల్ల అంచు పట్టుకుని నిలబడ్డారు, నోరు కొంచెం తెరుచుకుని. ప్రతి సాక్ష్యం వెనక రావలసిన ఆ ఒక్క మాట ఎవరి గొంతులోంచీ రాలేదు. ఈ గుడి కట్టిన నాటి నుంచి అలా జరిగి ఉండదు.

"స్తోత్రం," అంది రాహేలవ్వ, వెనక నుంచి, నిండు గొంతుతో.

ఆమె తప్పు లేదు. సీమోను కూర్చోవడం చూసింది. కిటికీలు లేని గోడల మధ్య ఆ మాట ఒక్కటే తిరిగింది. ముసలమ్మ తన వైపు తిరిగిన మొహాలన్నీ చూసి, ఏం తప్పు చేశానోనని కొంగు సర్దుకుంది.

అయ్యగారు చేత్తో సైగ చేశారు. ఇక రాళ్లు ఎత్తుకోవాలి. పది ఇళ్లవాళ్లు తమవి తీసుకుని గుమ్మం వైపు నడవసాగారు. సీమోను వంగి రెండు చేతులూ రాయి కింద పెట్టాడు. నాలుగు రోజులు అన్నం లేని ఒళ్లు. రాయి జానెడు లేచి మళ్లీ నేలకు తగిలింది. ఇంకోసారి ఎత్తాడు. వేళ్లు జారాయి. బయట గుమ్మంలో పోశం చెప్పులు విప్పి నిలబడ్డాడు. ఒక అడుగు వేసి ఆగిపోయాడు. ఇంటోళ్లే ఎత్తాలన్న మాట అతనికీ తెలుసు.

సీమోను ఎవరినీ సాయం అడగలేదు. తలుపు వైపు చూడను కూడా లేదు. రాయి మీద చెయ్యి వేసి అలాగే మోకాళ్ల మీద ఉండిపోయాడు.

స్తుతి లేచింది.

దెబోరా పిల్ల మణికట్టు పట్టుకుంది. పిల్లను ఆపడానికి పట్టుకుందో, తాను లేవడానికి ఆసరాగా పట్టుకుందో ఆమెకే తెలియలేదు. స్తుతి వెనక్కి తిరిగి అమ్మ మొహంలోకి చూసింది. మనుషులు రాళ్లు మోసుకుంటూ వాళ్ల పక్క నుంచి ఒక్కొక్కరే బయటికి వెళ్లిపోతున్నారు.

దెబోరా చెయ్యి వదల్లేదు.